పొద్దున్న మూడువందల పది

షట్టరెత్తి, కొట్టు ముందు నీళ్లు జల్లి
ఎడిటర్ తెరిస్తే మూడువందల పది.
పాతపట్నం పోయే ఆఖరి ఆటో కదిలేసరికి
రెండువేల తొమ్మిదివందలు.
మెగాబైట్లు.
పద్దు పుస్తకం చివరి పేజీలో రోజూ రాసుకుంటాను,
ముందు పేజీల్లో జిరాక్సుల లెక్క.

ఇది ఇంకా పొయ్యి దిగని వెర్షన్.
ఎక్కడివాళ్లో రాత్రికి రాత్రి వండి పంపుతారు,
ఉప్పు చాలిందో లేదో తిన్నవాళ్లు చెప్పాలి.
పాతదాంట్లో ఒడియా పక్కన తెలుగు పెడితే
గుడి జారి పక్క అక్షరం నెత్తిన పడేది.
దీంట్లో రెండూ మా పర్లాకిమిడి బజారులో లాగే
భుజాలు రాసుకుంటూ నడుస్తాయి.
అందుకే పట్టుకున్నాను.

"మిషను బరువెక్కుతోందండీ" అంటే
"ఫ్యాను దానివేపు తిప్పు" అంటారు దండాసి గారు.
కచేరీ వీధిలో ముప్పయ్యేళ్లు
చేత్తో దరఖాస్తులు రాసిన మనిషి.
తప్పు పోతే కాగితం చింపేవారు,
చింపిన కాగితం ఎక్కడికీ పోదని
ఆయనకెవరూ చెప్పలేదు.

బుధవారం ఇసాకు రయిత వచ్చాడు, గుమ్మా కొండల మీంచి,
గొడుగులో చుట్టిన పట్టాతో.
తండ్రి పేరు సరిచెయ్యాలి.
పట్టాలో సుంబురు. ఓటరు కార్డులో సోమవార్.
చర్చి పుస్తకంలో శామ్యూలు.
ఒడియాలో కొట్టి చదివాను, తల అడ్డంగా ఊపాడు.
తెలుగులో కొట్టాను.
"అలాక్కాదమ్మా, మా అయ్య పేరు మజ్జిలో
ఊపిరి ఓపాలి ఆగుతాది."
పదిహేడుసార్లు కొట్టాను, పదిహేడుసార్లు చెరిపాను.
తెర మూలన అంకె చూస్తూనే ఉన్నాను:
కొట్టినప్పుడు కాదు,
చెరిపినప్పుడు పెరుగుతోంది.

ఆ రాత్రి కరెంటు పోయింది.
ఇన్వర్టరు కీచుమంటుంటే
దాని కడుపులో ఏముందో మొత్తం ఒక ఫైలుగా దించి తెరిచాను.
మూసేసినవన్నీ లోపలే ఉన్నాయి.
ఆగిపోయిన పెళ్లి శుభలేఖ.
బాకీ ఉత్తరంలో ఒకావిడ రాయించి,
చెప్పులేసుకుంటూ తీయించేసిన తిట్టు.
వరసగా, పదిహేడుమంది ఇసాకు తండ్రులు.

లోపల ఊడ్చేవాడు ఒకడుంటాడు,
ఎవరూ పట్టుకోనిదాన్నే ఎత్తి పారేస్తాడు.
ఒక్క వేలు తగిలి ఉన్నా ముట్టుకోడు.
ఆ వేలు ఎవరిదా అని రెండింటిదాకా వెతికాను.
తప్పుల కింద ఎర్రగీత గీస్తుందే, దానిది.
తెలిసిన మాటైతే చూసి వదిలేస్తోంది.
తెలియని మాట ఎదురైతే
జవాబొచ్చేదాకా చెయ్యి పట్టుకుని నిలబడుతోంది.
ఎక్కణ్నించి వస్తుంది జవాబు?
మూడు భాషల నిఘంటువుల్లోనూ
ఆ పేరు లేదు.

ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాసి పంపాను,
తప్పులు రెండు.

శుక్రవారం ఇసాకు మళ్లీ వచ్చాడు.
ఏం తోచిందో, ఆ పదిహేడూ
మొదటినుంచి పైకి చదివాను.
తొమ్మిదోదాని దగ్గర చెయ్యెత్తాడు.
విసుగొచ్చి నడిమధ్య విసర్గ గుచ్చి,
చదివి వినిపించకుండానే కొట్టేసింది అది:
సొఃబర.
"మల్లీ అను" అన్నాడు.
అన్నాను.
బల్ల మీది కొమ్ము కొంగని అటు తిప్పి ఇటు తిప్పి
ఇంకోసారి అనమన్నాడు.

దరఖాస్తులో మాత్రం సుంబురు అనే ఉంచాం,
ఓటరు కార్డే మార్చమని.
కచేరీకి పట్టా ఏం చెబితే అదే.
తొమ్మిదోదాన్ని విడిగా ఒక తెల్లకాగితం మీద
పెద్దక్షరాల్లో తీసిచ్చాను.
దండాసి గారు చూసి
దానికీ అయిదు రూపాయలు పద్దులో వేశారు.

ఆదివారం కొత్త వెర్షన్ వచ్చింది.
ఒక్క వరస మార్చారట: తెలియకపోతే, వదిలెయ్యి.
సోమవారం పొద్దున్న మూడువందల పది,
సాయంత్రం మూడువందల నలభై.
రాసి, గీత కొట్టి, పేజీ తిప్పాను.
మిషను చల్లబడిందని చెబితే
దండాసి గారు లేచి
ఫ్యాను కట్టేశారు.